పిడికిట్లో నిమ్మకాయ

ఆటోక్రాస్ అన్న మాట మా ఇంట్లోకి మొదట తెచ్చింది మా చిన్నాడపడుచు. ఒక ఆదివారం పొద్దున హెల్మెట్ చంకన పెట్టుకుని వచ్చి వంటింటి గడపలో నిలబడింది. నేను దోసెల పిండిలో ఉప్పు కలుపుతున్నాను.

"వదినా, నీకు బండి నడుపుడు వచ్చు. గని నడుపవు. గిట్లనే ఉంటే నీ లైసెన్సు సుత తుప్పు పడ్తది," అంది.

ముందు గదిలో పేపరు చదువుతున్న మా ఆయన తల ఎత్తకుండానే అందుకున్నారు. "సీతాఫల్‌మండి గల్లీలకెళ్లి బండి రివర్స్ తీసుడే మీ వదినకు పెద్ద రేసు. మళ్ల వేరే రేసెందుకు?"

ఆ మాట తెచ్చినందుకు మా ఆడపడుచుకు నేను నమస్కారం పెట్టుకుంటాను. తర్వాత జరిగినదాంట్లో ఆమె తప్పు ఇంత కూడా లేదు. తప్పు నాది. నా తప్పుకు మాట పడ్డది మాత్రం ఇంకొకరు. అది చెప్పకుండా నేను ఏ స్తోత్రం చదివినా నోట్లో పిండి పెట్టుకుని చదివినట్టే ఉంటోంది. అందుకే ఇది రాయడం.

ఆటోక్రాస్ అంటే ఒక బండి వెనక ఇంకో బండి తరుముకుంటూ పోయే పందెం కాదు. సైనిక్‌పురి దాటి పోతే, వాడకుండా వదిలేసిన గోదాముల ముందు పెద్ద కాంక్రీటు మైదానం ఉంది. నెలకోసారి దాని మీద ఎర్ర కోన్లు నిలబెట్టి, వంకరటింకరగా దారి వేస్తారు. రోజూ ఆఫీసుకు, అంగడికి పోయే బండ్లే అక్కడికీ వస్తాయి. ఒక్కొక్కరే వెళ్లాలి. ఎంతసేపట్లో తిరిగొచ్చారో గడియారం చూస్తుంది. కోను తగిలితే రెండు సెకన్లు కలుపుతారు. దారి తప్పితే ఆ చుట్టు లెక్కలోకి రాదు. చివర కోన్లతో ఒక చదరపు డబ్బా కట్టి ఉంటుంది, బండి అందులో ఆగాలి. అంతే ఆట.

నాకు నలభై దాటాక డ్రైవింగు వచ్చింది. గుడికి, కూరగాయలకు తప్ప బండిని ఎక్కడికీ తీసుకెళ్లేదాన్ని కాదు. అలాంటిదాన్ని ఆ మైదానానికి ఎందుకు ఒప్పుకున్నానంటే, నిజం చెప్పాలి, ఎవరో ఒకరు నన్ను రమ్మని పిలిచారన్న సంతోషం. నేను బడికి వెళ్లలేదు. చిన్నప్పుడు ఆయాసం ఉండేదని మా అమ్మ ఇంట్లోనే చదివించింది. ఆటల పోటీ, పరుగు పందెం, జట్లుగా విడిపోవడం, ఇవి నాకు కిటికీలోంచి తెలిసినవే. "మా జట్టులకు రా" అని నన్ను పిలిచిన మొదటి మనిషి మా ఆడపడుచే.

మైదానం గేటు దాటగానే ముందు బండిని తనిఖీకి పెట్టాలి. అక్కడ ఒక పెద్దాయన ఉండేవారు. అందరూ కాకా అనే పిలిచేవారు. సైన్యంలో లారీలు బాగుచేసి రిటైరయ్యి, నేరేడ్‌మెట్‌లో చిన్న షెడ్డు పెట్టుకున్నారు. పందెం ఆదివారం ఈ తనిఖీ మాత్రం డబ్బు తీసుకోకుండా చేసేవారు. మెడలో తాడుకు టార్చిలైటు, భుజం మీద తుడిచే గుడ్డ. ప్రతి బండి ముందు మోకాళ్ల మీద కూర్చుని బ్రేకు పెడల్‌ను చేత్తో నొక్కి చూసేవారు. తర్వాత సీట్ల కింద చెయ్యి పెట్టి తడిమేవారు.

మొదటి రోజు నా బండిలోంచి ఆయన తీసినవి: గొడుగు, స్టీలు నీళ్ల సీసా, పిన్నీసుల డబ్బా, కాళ్ల కింది పట్టాలు. ఆఖరుకు డ్రైవర్ సీటు కిందనుంచి ఒక కొబ్బరి చిప్ప. ఏ నెలలో ఏ గుడినుంచి తెచ్చి మరిచిపోయానో. వెనక వరుసలో నిలబడ్డవాళ్లు నవ్వారు. కాకా నవ్వలేదు. చిప్పను కళ్లకద్దుకుని నా చేతిలో పెట్టారు.

"బిడ్డా, దేవుని ప్రసాదం తినాలె. సీటు కింద దాయొద్దు."

"మరిచిపోయిన కాకా."

"బండి మలుపుల తిరిగినప్పుడు లోపలున్న ప్రతి సామాను దాని దారి అది చూసుకుంటది. నువ్వు ఎటు పోతవో అది అటు రాదు. యాదికి పెట్టుకో."

యాదికి పెట్టుకోవలసిన మాట అదే. నేను పెట్టుకోలేదు.

ఆ రోజే ఇంకో పిచ్చి పని చేశాను. మొదలుపెట్టే గీత దగ్గర బండి దిగి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాను. కొత్త బండి కొన్నప్పుడు అందరం చేసేదే కదా, మొదటిసారి పందేనికి పోతున్న బండికి మాత్రం ఎందుకు చేయకూడదు అనుకున్నాను. టోపీ పెట్టుకున్న నిర్వాహకుడు పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"మేడం, ఇది షోరూం డెలివరీ కాదు. ట్రాక్ మీద రసం పడితే వెనకొచ్చే బండి జారతది."

ఈసారి అందరూ నవ్వారు. కాకానే వచ్చి, వంగి, నాలుగూ ఏరి, గుడ్డలో మూట కట్టారు. "గివి గేటు బయట పెట్టి తొక్కించుకో బిడ్డా, ఎవ్వరు అడ్డం చెప్పరు. లోపల్కి మాత్రం రానియ్యకు," అన్నారు. ఎవరికీ వినపడనంత మెల్లగా అన్నారు. నన్ను చిన్నబుచ్చకుండా ఒక దారి చూపించారు. ఆ దారి నాకుండగానే నేను తప్పు చేశాను కాబట్టి ఇది చెబుతున్నాను.

మొదటి చుట్టులో దారి తప్పాను. కారు సీట్లో కూర్చున్నాక చూస్తే ఎటు చూసినా ఎర్ర కోన్లే, ఏది ద్వారమో ఏది గోడో తెలియలేదు. గుండ్రంగా తిరిగి తిరిగి, బయలుదేరిన గీతకు ఎదురుగా వచ్చి నిలబడ్డాను. ఆ రోజు మైకులో పేర్లు చదువుతున్న మా ఆడపడుచు గొంతు వినిపించింది. "మా వదిన సీతాఫల్‌మండికి పోయింది. కూరగాయలు తీసుకొని మళ్ల వస్తది. జెర ఆగుండ్రి."

నాకూ నవ్వొచ్చింది. ఆ రోజు సిగ్గు లేదు. నిజంగా సంతోషంగా ఇంటికొచ్చి దీపం పెట్టుకున్నాను.

రెండో నెల నేర్చుకున్నాను. పందెం మొదలవకముందు దారినంతా నడిచి చూడనిస్తారు. అందరూ ఒకసారి నడిస్తే నేను మూడుసార్లు నడిచాను, ప్రదక్షిణంలాగా. మా ఆడపడుచు పక్కన నడుస్తూ, "ముంగటున్న కోనును చూడకు వదినా. దాని అవుతలదాన్ని చూడు. కండ్లు యాడ పోతే చేతులు ఆడికే పోతయ్," అని చెప్పింది. దారి తప్పకుండా చివరిదాకా వెళ్లాను. ఐదు కోన్లు పడగొట్టాను. అందరిలోకీ ఆఖరున వచ్చాను.

ఆఖరున రావడం నన్ను కొరికింది. ఇదీ ఒప్పుకోవాలి. పూజలో కూర్చుని "అహంకారం తీసెయ్యి తల్లీ" అని అడిగేదాన్ని. ఫలితాల కాగితం మీద నా పేరు అట్టడుగున కనిపించగానే ఆ కోరిక మరిచి, నా పైన ఎవరున్నారో వెతికాను. నాకంటే సగం వయసున్న ఒక పిల్ల, వారం కిందట డ్రైవింగు నేర్చుకున్నదట, నాకంటే పైన ఉంది.

మూడో పందేనికి ముందు శుక్రవారం అమ్మవారి గుడికి వెళ్లాను. పూజారిగారు అమ్మవారి మెడలోని నిమ్మకాయల దండలోంచి ఒకటి తెంపి నా చేతిలో పెట్టారు. పసుపుపచ్చగా, ఒకవైపు కుంకుమ అంటుకుని, ఇంకా చల్లగా ఉంది. అడక్కుండా ఇచ్చారు. అమ్మే ఇచ్చిందనుకున్నాను. ఇప్పటికీ అమ్మే ఇచ్చిందనుకుంటున్నాను. కానీ బండిలో పెట్టుకొమ్మని అమ్మ చెప్పలేదు.

ఆదివారం తనిఖీ దగ్గర నేనే ముందుగా గొడుగు, సీసా, పట్టాలు అన్నీ తీసి కింద పెట్టాను. నిమ్మకాయ మాత్రం ఎడమ పిడికిట్లో పట్టుకుని, చున్నీ అంచు దాని మీద కప్పుకున్నాను. కాకా మోకాళ్ల మీద కూర్చుని పెడల్ నొక్కారు. సీట్ల కింద తడిమారు. డిక్కీ చూశారు. లేచి గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నావైపు తిరిగారు.

"ఇంకేమన్న ఉన్నయా బిడ్డా, లోపల?"

"ఏం లేవు కాకా."

ఆయన చూపు నా చున్నీ మీద ఒక్క క్షణం ఆగింది. తర్వాత అద్దం మీద పచ్చ కాగితం అతికించారు. తనిఖీ అయిందని గుర్తు. నేను సీట్లో కూర్చుని, తలుపు వేసుకుని, పిడికిలి విప్పి, నిమ్మకాయను గేర్ రాడ్డు పక్కనున్న చిన్న గుంటలో పెట్టాను. కళ్లు మూసుకుని దండం పెట్టుకున్నాను. అబద్ధం చెప్పి రెండు నిమిషాలు కాలేదు. ఆ నోటితోనే అమ్మను పిలిచాను.

ఆ చుట్టు నేను నడిపినవాటిలో అన్నిటికంటే బాగుంది. కోన్లు వాటంతటవే పక్కకు జరుగుతున్నట్టు అనిపించింది. సగం దాటాను, ఒక్క కోను పడలేదు. ఎడమవైపు గట్టిగా తిప్పవలసిన మలుపు దగ్గర నా తొడ మీద ఏదో తగిలి కిందికి జారింది. చూడలేదు. అవుతల కోను చూడమంది కదా మా ఆడపడుచు. చివరి మలుపుకు ముందు కొంచెం బ్రేకు వేశాను, బండి వంగింది, తిరిగింది, గీత దాటాను. ఇక డబ్బాలో ఆపాలి.

కాలు వేశాను. పెడల్ సగందాకా దిగి ఆగిపోయింది.

కింద ఏదో ఉంది. గుండ్రంగా, గట్టిగా, కాలికి ఎదురు తోస్తోంది. బండి నెమ్మదించింది గానీ ఆగలేదు. డబ్బా కోన్లు ఒక్కొక్కటే బానెట్ కిందికి పోయాయి. డబ్బాకు అవతల పాత టైర్ల వరుస, ఆ వరుసకు ఇవతల జెండా పట్టుకుని మా ఆడపడుచు. బండి ఆగాక జెండా ఊపే పని ఆ రోజు ఆమెది. నేను రెండు కాళ్లూ పెడల్ మీద పెట్టి తొక్కాను. ఆమె జెండా వదిలేసి టైర్ల మీదినుంచి అవతలికి దూకింది. అప్పుడే కాలి కింద ఏదో చితికింది, పెడల్ అడుగుదాకా దిగింది, బండి టైర్లను ముద్దు పెట్టుకున్నట్టు తాకి ఆగింది.

బండి నిండా నిమ్మ వాసన.

ఇక్కడినుంచి రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. అద్దంలోంచి చూస్తే మా ఆడపడుచు లేవలేదు. అందరూ అటు పరుగెత్తుతున్నారు. నేను అందరికంటే దగ్గర. తలుపు తీసి నాలుగడుగులు వేస్తే ఆమె పక్కన ఉంటాను. నేను ఆ పని చేయలేదు. ముందు వంగాను. పెడల్ కిందినుంచి చితికిన కాయను తీసి చున్నీ కొంగులో ముడి వేశాను. ఆ తర్వాతే దిగాను.

మా ఆడపడుచు కుడి మణికట్టు పట్టుకుని కూర్చుంది. నొప్పికి మొహం పాలిపోయింది. "ఏమైంది వదినా?" అని ఆమే నన్ను అడిగింది.

"బ్రేకు పడలే," అన్నాను.

అది రెండో అబద్ధం. మొదటిది చిన్నదే అనుకున్నాను. రెండోది దానికి పుట్టిన బిడ్డ.

నిర్వాహకుడు కాకాను పిలిచాడు. కాకా మళ్లీ మోకాళ్ల మీద కూర్చుని, టార్చి వేసి, పెడల్‌ను ఒకసారి, రెండుసార్లు, పదిసార్లు నొక్కారు. లోపలికి వంగి చాలాసేపు అలాగే ఉండిపోయారు. గుడ్డ తీసి ఏదో తుడిచారు. లేచారు.

"కాకా, పొద్దున ఈ బండి చూసింది మీరే గదా?" అన్నాడు నిర్వాహకుడు.

"నేనే చూసిన."

"బ్రేకు పడలేదంటున్నరు మేడం. మరి పచ్చ కాగితం ఎట్ల పెట్టిన్రు?"

కాకా నావైపు చూశారు. నేను నా హెల్మెట్ పట్టీ వైపు చూశాను. నోరు తెరిస్తే చాలు. గుంపులో పాతికమంది ఉన్నారు, ఎవరి చేతిలోనూ చెప్పుల్లేవు, కొట్టేవాళ్లు కాదు. నేను తెరవలేదు.

"నా చూపుల తప్పిపోయి ఉంటది," అన్నారు కాకా.

మా ఆడపడుచు మణికట్టు ఎముక చిట్లింది. ఆరు వారాలు కట్టు. నేరేడ్‌మెట్‌లో ఒంటరిగా ఉంటుంది కాబట్టి మా ఇంటికే తీసుకొచ్చాను. కుడి చెయ్యి పనిచేయదు కదా, నేనే అన్నం కలిపి ముద్దలు పెట్టేదాన్ని. ఆమె తింటూ కాకాను తిట్టేది.

"ముసలాయనకు కండ్లు మసకలైనయి వదినా. కొత్తోళ్లను పెట్టుకోండ్రని నేను ఎన్నిసార్లు చెప్పిన. ఇయ్యాల నా చెయ్యి పోయింది. రేపు ఎవరిదన్న పానం పోతే?"

"ఇంకో ముద్ద తిను," అనేదాన్ని.

"నువ్వు మెత్తని మనిషివి, నీకు ఆయన మీద కోపం సుత రాదు."

నిమ్మకాయను పడేయలేకపోయాను, అది అమ్మవారి ప్రసాదం. దేవుడి గూట్లో పెట్టలేకపోయాను, అది నా అబద్ధం. గుడ్డలో చుట్టి బియ్యం డబ్బా వెనక దాచాను. రోజూ బియ్యం తీసేటప్పుడు చెయ్యి తగిలేది. ఎండి, నల్లబడి, రాయిలా గట్టిపడింది.

మా అమ్మ నాకు పరీక్ష పెట్టేటప్పుడు పలక మీద ప్రశ్నలు రాసి, పుస్తకం నా పక్కనే మూసిపెట్టి, వంటింట్లోకి వెళ్లిపోయేది. కాపలా ఉండేది కాదు. నేను ఎన్నడూ ఆ పుస్తకం తెరవలేదు. దాన్ని తలుచుకుని గర్వపడేదాన్ని కూడా, బడి పిల్లలు చూసి రాస్తారట, నేను రాయలేదని. ఇప్పుడు తెలిసింది. అమ్మ పెట్టిన పరీక్షలో ఓడిపోయినా నవ్వేవాళ్లు ఎవరూ లేరు, అందుకే చూసి రాయవలసిన పని పడలేదు. అంతే నా నిజాయితీ.

నాలుగో వారంలో మా ఆయన సాయంత్రం టీ తాగుతూ చెప్పారు. నేరేడ్‌మెట్‌లో మా బండికి పెట్రోలు కొట్టిస్తుంటే ఎవరో మాట్లాడుకుంటున్నారట. "ఆ ముసలోని షెడ్డుకు పోకుండ్రి. బ్రేకుల్లేని బండిని మంచిగుందని పంపిండట," అని. ఆదివారం తనిఖీకి కూడా ఆయనను ఇక రావద్దన్నారని మా ఆడపడుచు అప్పటికే చెప్పింది. ఆదివారం పోతే పోయింది, కడుపుకు పెట్టే షెడ్డు కూడా పోతోంది. చేతుల్లో పనితనం ఉండి, పని రాదనిపించుకుంటున్నారు ఆ మనిషి. నా వల్ల.

మర్నాడు పొద్దున దీపం పెట్టకుండానే బయలుదేరాను. పెట్టబుద్ధి కాలేదు.

షెడ్డులో ఒక్క స్కూటరు తప్ప బండ్లు లేవు. కాకా స్టూలు మీద కూర్చుని ఏదో పాత స్ప్రింగును కిరోసిన్‌లో కడుగుతున్నారు. నన్ను చూసి, "రా బిడ్డా. చెయ్యి ఎట్లుంది మీ ఆడపడుచుకు?" అన్నారు. గుడ్డ విప్పి ఎండిన కాయను ఆయన ముందు బల్ల మీద పెట్టాను.

ఆయన దాన్ని చూసి ఆశ్చర్యపోలేదు.

"పెడల్ ఎనకాల గింజ అతుక్కొని ఉండె," అన్నారు. "తుడిచేసిన."

"మీకు తెలుసా? తెలిసీ ఎందుకు ఊరుకున్నరు కాకా?"

"కూసో ముందు." ఇంకో స్టూలు జరిపారు. "నీ పిడికిలి పొద్దుగాల్నే చూసిన బిడ్డా. చున్నీ కింద. తెరువమని అనాలె. అది నా పని. మొగోడు అయితే తెరిపిద్దును. నీ మొకాన బొట్టు, చేతికి గుడి దారం చూసి, ఏదో దేవుని సామాను, ఆడబిడ్డ, నలుగుట్ల ఎందుకు అనుకున్న. ముప్పై ఏండ్లు బండ్లు చూసిన. ఏ ఆఫీసరు బండైనా వదల్లే. ఆ రోజు వదిలిన."

"అబద్ధం చెప్పింది నేను గదా."

"అది నీ తప్పు. తెరిపియ్యంది నా తప్పు. రెండు కలుపకు."

నేను ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు. స్ప్రింగు కడగడం పూర్తి చేసి, గుడ్డ మీద ఆరబెట్టి, అప్పుడు అన్నారు. "చెప్తే నాకోసం చెప్పకు. చెయ్యి ఇరిగింది ఎవరిది? ముందుగాల ఆమెకు చెప్పు."

ఆ మధ్యాహ్నం పప్పన్నం కలిపి మొదటి ముద్ద పెట్టకముందే చెప్పాను. గుడి, పిడికిలి, పెడల్, కొంగు ముడి, అన్నీ. మా ఆడపడుచు విన్నంతసేపూ కంచం వైపే చూసింది.

"నన్ను లేపకముందే అది తీసినవా?"

"అవును."

"నెల దినాలు నా నోట్ల ముద్ద పెట్టుకుంట, నేను ఆ పెద్దమనిషిని తిడ్తుంటే విన్నవా?"

"విన్నాను."

ఎడమ చేత్తో కంచం తన వైపు లాక్కుంది. చెంచాతో తడబడుతూ, మెతుకులు పడుతున్నా, తనే తింది. తిని, సంచి సర్దుకుని, ఆటో పిలిపించుకుని నేరేడ్‌మెట్ వెళ్లిపోయింది. గేటు దగ్గర మా ఆయన ఆపబోతే, "అన్నా, చెయ్యి ఇరిగితే అతుకుతది," అని మాత్రం అంది. ఆ మాట మిగతా సగం ఆమె అనలేదు. నాకు అక్కర్లేదు కూడా.

తర్వాతి పందెం రోజు పొద్దున, బయలుదేరేముందు అందరినీ నిలబెట్టి నియమాలు చెబుతారు. నిర్వాహకుణ్ని అడిగి ఒక నిమిషం తీసుకున్నాను. ఎండిన కాయను అరచేతిలో పెట్టి చూపించాను. బ్రేకు బాగానే ఉందని, కాకా సరిగ్గానే చూశారని, దాచింది నేనని, తర్వాత దాన్ని ఎత్తేసింది కూడా నేనేనని చెప్పాను. నవ్వుతారేమోనని ఎదురుచూశాను. ఒక్కరూ నవ్వలేదు. నాకంటే పైన వచ్చిందని నేను కుళ్లుకున్న ఆ చిన్నపిల్ల మొహం తిప్పుకుంది. కొబ్బరి చిప్పకు నవ్వినప్పుడు నేను వాళ్లలో ఒకదాన్ని. ఇప్పుడు కాదు.

నన్ను ఆ సంవత్సరం చివరిదాకా నడపనివ్వలేదు. సబబే. వెళ్లి కోన్లు ఎత్తి నిలబెట్టే పని చేశాను. ఆ పని ఇచ్చినందుకు వాళ్లకు దండం పెడతాను, ఇంటికి పొమ్మని ఉంటే నేను ఏమయ్యేదాన్నో.

నిర్వాహకుడు అదే రోజు కాకా షెడ్డుకు వెళ్లి, క్షమించమని అడిగి, మళ్లీ రమ్మన్నాడు. కాకా రాలేదు. "చూసి సుత తెరిపియ్యనోడు మళ్ల అక్కడ కూసునుడు మంచిగుండది," అన్నారట. తన తప్పును నా తప్పు కింద దాచుకోలేదు ఆయన. దాచుకునే వీలుండి కూడా. షెడ్డు గురించి నేను చేయగలిగింది ఒక్కటే. నా బండిని ప్రతిసారీ ఆయన దగ్గరికే తీసుకెళ్తాను, అక్కడ ఎవరున్నా వాళ్ల ముందే ఆ సంగతి చెబుతాను. మొదట్లో "ఊకో బిడ్డా, వచ్చినోళ్లందరికి నీ కథేంది," అనేవారు. ఇప్పుడు ఊరుకుంటున్నారు. బండ్లు మెల్లగా వస్తున్నాయి. అందరూ రాలేదు. ఒకసారి పడ్డ మాట నేను వెయ్యిసార్లు చెప్పినా పూర్తిగా లేవదని తెలిసింది.

ఈ మధ్యే మళ్లీ నడపనిచ్చారు. తనిఖీ దగ్గర ఇప్పుడు మా ఆడపడుచు ఉంటుంది. కాకా దగ్గర నాలుగు ఆదివారాలు కూర్చుని నేర్చుకుందట, నాకు చెప్పలేదు. ఆయన చెప్పారని ఒక కొత్త పద్ధతి పెట్టింది. బండి చూడటం అయ్యాక, నడిపేవాళ్లు ఎవరైనా సరే రెండు చేతులూ చాపి, అరచేతులు విప్పి చూపించాలి. నా వంతు వచ్చింది. ఎనిమిది నెలలుగా ఆమె నాతో అవసరానికి మించి మాట్లాడలేదు.

"వదినా, చేతులు," అంది.

చాపాను. చాలాసేపు చూసింది, చూడవలసినదానికంటే ఎక్కువసేపు.

"గోరింటాకు మంచిగ పండింది," అంది, పచ్చ కాగితం అతికించి తర్వాతి బండి దగ్గరికి వెళ్లిపోయింది. ఆ చుట్టులో ఎన్ని కోన్లు పడ్డాయో నాకు గుర్తులేదు. ఆఖరునే వచ్చాను.

ఎండిన కాయను కాకా అడిగి తీసుకున్నారు. షెడ్డులో ఆయన పెట్టుకున్న దేవుడి పటం ముందు ఉంది. "ఇది అమ్మవారిది. దానిదేం తప్పు," అన్నారు. ఇదంతా రాస్తానని చెబితే, "రాయి. నా పేరు రాయకు. పేరు రాస్తే జనం మంచోడంటరు, నేను తెరిపియ్యలేదన్నది మరిచిపోతరు," అన్నారు. అందుకే రాయలేదు.

చదివినవాళ్లను నేను అడిగేది ఒకటే. నన్ను క్షమించమని కాదు. మీరు బండి తాళం తిప్పేముందు ఒక్కసారి సీటు కింద చెయ్యి పెట్టి చూడండి. అప్పుడు, మెడలో టార్చి వేసుకుని మోకాళ్ల మీద కూర్చునే ఒక పెద్దమనిషిని, నేరేడ్‌మెట్‌లోని ఒక చిన్న షెడ్డు ఆయనను, చూపులో తప్పు లేకుండానే తప్పిందని ఒప్పుకున్న ఆయనను తలుచుకోండి. దేవుడికి దండం పెట్టుకునే అలవాటుంటే, నా కోసం కాదు, ఆయన కోసం పెట్టండి.